ఫైర్‌వాల్‌కి అప్‌డేట్ వేస్తే సగం పనే అయినట్టు

తిరుపతిలో లాడ్జీలు, డయాగ్నస్టిక్ సెంటర్లు, చిత్తూరు వైపు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలు, గ్రానైట్ యూనిట్లు. నేను నెట్‌వర్క్ చూసేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. ఎక్కడికెళ్లినా రిసెప్షన్ వెనకో, అకౌంట్స్ గదిలో బీరువా మీదో ఒక చిన్న బాక్స్ ఉంటుంది. అదే ఫైర్‌వాల్, ఆఫీసు నెట్‌వర్క్‌కీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా కాసేది. దాని సంగతి అడిగితే ఓనర్లు దాదాపు ఒకే జవాబు చెప్తారు: “పెట్టి చాన్నాళ్లయింది సామీ, బాగానే పనిచేస్తా ఉండాది. దాన్నెందుకు కదిలించేది?”

కదిలించాలి. ఎందుకో ముందు చెప్తాను, ఎలాగో తర్వాత చెప్తాను. ఇది నెట్‌వర్క్ ఇంజనీర్ల కోసం రాస్తున్నది కాదు. ఆఫీసులో సిస్టమ్స్ చూసే అబ్బాయో అమ్మాయో, లేదంటే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) వాళ్ల మీద ఆధారపడిన ఓనరో చదివి, అదే రోజు పని మొదలుపెట్టాలని రాస్తున్నాను.

ఫైర్‌వాల్ కూడా ఒక కంప్యూటరే. దానిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, వెబ్ సర్వర్ ఉంటుంది, ఎవరో ఇంజనీర్లు రాసిన ప్రోగ్రామ్ ఉంటుంది. ఆ ప్రోగ్రామ్‌లో తప్పులుంటాయి. ఆఫీసులో మిగతా మెషీన్లన్నీ దాని వెనక ఉంటాయి కానీ, అది మాత్రం పబ్లిక్ ఐపీ అడ్రస్‌తో నేరుగా ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉంటుంది. దానిమీద మనం యాంటీవైరస్ వేయలేం. వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే రహస్య దారి) వాడేవాళ్ల పాస్‌వర్డ్‌లు దాని గుండానే వెళ్తాయి. లోపలి ప్రతి మెషీన్‌కీ దాని నుంచి దారి ఉంటుంది. అందుకే హ్యాకర్లు కొన్నేళ్లుగా ఉద్యోగులకు దొంగ మెయిళ్లు పంపడంతో పాటు, నేరుగా ఈ బాక్సుల మీదే పడుతున్నారు.

ఒక్క ఉదాహరణ వివరంగా చూద్దాం. ఫైర్‌వాల్ కంపెనీ ఫోర్టినెట్ వాళ్ల ఫోర్టిగేట్ బాక్సుల ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌లో (బ్రౌజర్ పేజీతో నడిచే వీపీఎన్) ఒక లోపం బయటపడింది, లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2018-13379. వీపీఎన్ లాగిన్ పేజీ ఏ భాషలో కనిపించాలో చెప్పే ఫైల్‌ని బ్రౌజర్ అడుగుతుంది కదా, ఆ అడిగే చోట దారిని కొంచెం మార్చి రాస్తే బాక్స్ లోపలి వేరే ఫైల్ బయటికి వచ్చేది. ఆ ఫైల్లో అప్పుడు లాగిన్ అయి ఉన్నవాళ్ల యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉండేవి. లాగిన్ అవ్వకుండానే ఎవరైనా తీసుకోవచ్చు. 2019లోనే కంపెనీ దీనికి ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. కానీ 2021 సెప్టెంబర్‌లో సుమారు 87,000 బాక్సుల నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌ల జాబితా ఇంటర్నెట్‌లో బయటపడింది. అప్పుడు కంపెనీ స్పష్టంగా ఒక మాట చెప్పింది: ఈలోపు అప్‌డేట్ వేసినా సరే, పాస్‌వర్డ్‌లు మార్చకపోతే ప్రమాదం పోలేదు అని.

నేను ఈ గైడ్ రాయడానికి కారణం ఆ మాటే. దొంగ తాళంచెవికి అచ్చు తీసుకుని వెళ్లాక తలుపు బాగుచేయిస్తే ఏం లాభం? అప్‌డేట్ రాబోయే వాణ్ణి ఆపుతుంది. వచ్చి వెళ్లినవాడు తీసుకుపోయినదాన్ని వెనక్కి తేలేదు. మా వైపు అప్‌డేట్ వేసేవాళ్లే తక్కువ. వేసినవాళ్లలో కూడా ఆ తర్వాతి పని చేసేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు.

బ్రాండ్ మారిస్తే సరిపోతుందేమో అని అడుగుతారు. సరిపోదు. 2019లో పల్స్ సెక్యూర్, 2020 ఏప్రిల్‌లో సోఫోస్, 2023 అక్టోబర్‌లో సిట్రిక్స్, 2024 జనవరిలో ఇవాంటి, అదే ఏడాది ఏప్రిల్‌లో పాలో ఆల్టో, 2025 సెప్టెంబర్‌లో సిస్కో. అందరి బాక్సుల్లోనూ పెద్ద లోపాలు బయటపడ్డాయి, అన్నింటినీ హ్యాకర్లు వాడుకున్నారు. ఇవాంటి విషయంలో అయితే అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ సీసా, తమ శాఖలన్నీ ఆ వీపీఎన్ బాక్సుల్ని రెండు రోజుల్లో నెట్‌వర్క్ నుంచి తీసేయాలని ఆదేశించాల్సి వచ్చింది. మన దేశంలో పుట్టిన సైబరోమ్ కూడా ఈ కథలో ఉంది. అహ్మదాబాద్ కంపెనీ అది, 2014లో సోఫోస్ కొనేసింది. ఫైర్‌వాల్ తయారుచేసే ఆ ఆఫీసులోకే 2018లో హ్యాకర్లు చొరబడ్డారని సోఫోస్ 2024లో తానే బయటపెట్టింది. వాళ్లు మొదట పట్టుకున్నది గోడకున్న డిస్‌ప్లేని నడిపే ఒక మామూలు కంప్యూటర్‌ని. పాత సైబరోమ్ బాక్సులు మన దగ్గర ఇంకా కొన్నిచోట్ల తిరుగుతూనే ఉన్నాయి. వాటికి కంపెనీ సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయింది. మీ దగ్గర ఉంటే ఈ గైడ్‌లో మిగతాది చదవక్కర్లేదు, ముందు దాన్ని మార్చండి.

మొదట, మీ దగ్గర ఏముందో రాసుకోండి

బాక్స్ అడుగున స్టిక్కర్ ఉంటుంది. మోడల్, సీరియల్ నంబర్ ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత లాగిన్ అయ్యి, డ్యాష్‌బోర్డ్‌లో ఫర్మ్‌వేర్ (బాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఎంతో, సపోర్ట్ ఎప్పటివరకు ఉందో చూడండి. వీటితో పాటు ఇంకో రెండు విషయాలు రాయండి: అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, కంపెనీ సైట్‌లో ఆ బాక్స్ ఎవరి మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అయి ఉంది. చాలాచోట్ల అది అమ్మిన డీలర్ మెయిల్ ఐడీయే. లోపం బయటపడిందని కంపెనీ పంపే హెచ్చరిక మెయిల్ ఆయనకి పోతుంది, మీకు రాదు. అది మీ ఆఫీసు మెయిల్‌కి మార్పించుకోండి. డీలర్ మొహమాటపడినా వదలొద్దు.

బయటి నుంచి చూడండి

దీనికి ఇంజనీర్ అక్కర్లేదు. ఆఫీసు వైఫైలో ఉండి గూగుల్‌లో మీ ఐపీ అడ్రస్ ఎంతో చూసి రాసుకోండి. ఇప్పుడు ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటా పెట్టండి. బ్రౌజర్‌లో ముందు https:// పెట్టి ఆ అడ్రస్ కొట్టండి. ఏమీ రాకపోతే అడ్రస్ చివర కోలన్ పెట్టి 4443, 8443, 10443 అని ఒక్కొక్కటీ వేసి చూడండి (ఇవి పోర్ట్ నంబర్లు, ఒకే అడ్రస్‌కి ఉన్న వేర్వేరు తలుపుల్లాంటివి). సోఫోస్ అయితే 4444 తప్పకుండా చూడండి, అడ్మిన్ పేజీ మామూలుగా అక్కడే ఉంటుంది. మైక్రోటిక్ అయితే బ్రౌజర్ చాలదు. మొబైల్ హాట్‌స్పాట్‌తో కలిపిన ల్యాప్‌టాప్‌లో విన్‌బాక్స్ (మైక్రోటిక్ రౌటర్‌ని నడిపే ప్రోగ్రామ్) తెరిచి అదే అడ్రస్‌కి కనెక్ట్ అవుతుందేమో చూడాలి, దాని పోర్ట్ 8291. ఇదంతా మీ సొంత అడ్రస్ మీద మాత్రమే. పక్క లాడ్జీ వాళ్లది చూసే హక్కు మీకు లేదు.

లాగిన్ పేజీ కనిపించిందా? అది వీపీఎన్ యూజర్లదా, అడ్మిన్‌దా అన్నది తేల్చుకోండి. అడ్మిన్ పేజీ బయటికి కనిపిస్తుంటే ఆ రోజే మూసేయాలి. ఇందులో రాజీ లేదు. 2022 అక్టోబర్‌లో బయటపడ్డ ఫోర్టినెట్ లోపం, 2024 నవంబర్‌లో పాలో ఆల్టోది, 2025 జనవరిలో మళ్లీ ఫోర్టినెట్‌ది, మూడూ అడ్మిన్ వైపు దారిలోనే వచ్చాయి. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా లాభం లేదు. పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పోనిచ్చే లోపాలవి.

మూసే చోటు ఒక్కో బాక్స్‌లో ఒక్కోలా ఉంటుంది. ఫోర్టిగేట్‌లో నెట్‌వర్క్, ఇంటర్‌ఫేసెస్‌లోకి వెళ్లి వాన్ పోర్ట్ (ఇంటర్నెట్ కేబుల్ తగిలించే చోటు) తెరిస్తే అడ్మినిస్ట్రేటివ్ యాక్సెస్ అని టిక్ పెట్టే గళ్లుంటాయి. అక్కడ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, ఎస్‌ఎస్‌హెచ్ తీసేయండి. సోఫోస్‌లో అడ్మినిస్ట్రేషన్ కింద డివైస్ యాక్సెస్ అని పట్టిక వస్తుంది. వాన్ వరసలో హెచ్‌టీటీపీఎస్, ఎస్‌ఎస్‌హెచ్ టిక్‌లు తీయండి, యూజర్ పోర్టల్ బయటి నుంచి ఎవరూ వాడకపోతే అదీ తీయండి. మైక్రోటిక్‌లో ఐపీ, సర్వీసెస్‌కి వెళ్లి టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, వెబ్ ఆపేసి, విన్‌బాక్స్‌కి ‘అవైలబుల్ ఫ్రమ్’ దగ్గర మీ లోపలి నెట్‌వర్క్ మాత్రమే రాయండి. ఈ పని ఆఫీసులో కూర్చునే చేయండి. ఇంటి నుంచి చేస్తే మీ దారి మీరే మూసుకుంటారు.

ఏఎంసీ ఇంజనీర్ “మాకు రిమోట్‌గా కావాలి సార్, అది తీసేస్తే ప్రతిసారీ రావాలి” అంటారు. వాళ్ల ఇబ్బంది నిజమే. ముందు వీపీఎన్‌లో కనెక్ట్ అయ్యి, ఆ తర్వాత అడ్మిన్ పేజీ తెరిచే ఏర్పాటు చేయమనండి. అదీ కుదరదంటే కనీసం వాళ్ల ఆఫీసు స్టాటిక్ ఐపీకి (ఎప్పుడూ మారని అడ్రస్‌కి) మాత్రమే తెరవమనండి.

ఇదే పనిలో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి నేరుగా లోపలి మెషీన్‌కి దారి ఇచ్చే ఏర్పాటు) జాబితా కూడా చూసేయండి. చెన్నైలో ఆడిటర్ టాలీ చూసుకోవడానికని రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని నేరుగా బయటికి తెరిచిన ఫ్యాక్టరీలు చిత్తూరు చుట్టుపక్కల నాకు ఇప్పటికీ తగులుతున్నాయి. దాన్ని తీసేసి ఆడిటర్‌కి వీపీఎన్ ఇవ్వండి. సీసీటీవీ డీవీఆర్‌కి తెరిచిన పోర్ట్ కూడా అంతే.

వీపీఎన్ అసలు కావాలా?

ఇది ఎవరూ వేసుకోని ప్రశ్న. లాడ్జీకి వీపీఎన్ ఎందుకు? కోవిడ్ సమయంలో మేనేజర్ ఇంటి నుంచి చూడటానికి పెట్టి ఉంటారు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకుని ఉండరు. వాడకపోతే ఆపేయండి. వాడుతుంటే, ముఖ్యంగా బ్రౌజర్ పేజీతో నడిచే ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ అయితే, ఐపీసెక్ అనే ఇంకో రకం వీపీఎన్‌కి మారడం గురించి మీ ఇంజనీర్‌తో మాట్లాడండి. ఫోర్టినెట్ తన 7.6.3 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ టనెల్‌ని పూర్తిగా తీసేసింది. తయారుచేసిన కంపెనీయే దాన్ని వదిలేస్తోందంటే మనం పట్టుకుని వేలాడటం అనవసరం. పాత పీపీటీపీ వీపీఎన్ ఉంటే ఆలోచించకుండా తీసేయండి.

ఓటీపీ తప్పనిసరిగా పెట్టండి. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఆగిపోవడానికి దారి, ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా, రెండో అంచె లేదు. అయితే ఓటీపీ ఉంది కదా అని అప్‌డేట్ మానేయకండి. లాగిన్‌నే దాటేసే లోపం ముందు ఓటీపీ కూడా నిలవదు.

అప్‌డేట్ వేసే రోజు

బాక్స్ రీస్టార్ట్ అవుతుంది. కాసేపు నెట్ ఉండదు, ఒక్కోసారి మొండికేస్తుంది కూడా. కాబట్టి రోజు చూసి వేయాలి. తిరుపతి లాడ్జీ అయితే శని, ఆదివారాలు వద్దు, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి చుట్టుపక్కల అసలే వద్దు. వారం మధ్యలో, చెకిన్ల తాకిడి తగ్గిన వేళ చూసుకోండి. పల్ప్ ఫ్యాక్టరీకి తోతాపురి సీజన్ మొదలవక ముందే చేసేయాలి. సీజన్లో రాత్రీ పగలూ లైన్ నడుస్తుంటే ఎవరూ ఒప్పుకోరు. ఎక్కడైనా సరే జీఎస్టీ రిటర్నుల తేదీలు, 11, 20, వదిలేయండి. కానీ హ్యాకర్లు ఇప్పటికే వాడుతున్న లోపం అని తెలిస్తే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆ రాత్రే వేయాలి.

అప్‌డేట్ నొక్కేముందు రెండు పనులున్నాయి. మొదటిది కాన్ఫిగరేషన్ (సెట్టింగ్‌లన్నిటి) బ్యాకప్. దాన్ని పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆఫీసు బయట ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. క్లౌడ్ బ్యాకప్ ఉందిలే అనుకోవద్దు. 2025లో సోనిక్‌వాల్ కస్టమర్ల ఫైర్‌వాల్ బ్యాకప్‌లు దాచిన క్లౌడ్‌లోకే దొంగలు పడ్డారు. రెండోది చాలామంది మర్చిపోయేది, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చారో బాక్స్ రాసుకునే రికార్డులు) డౌన్‌లోడ్ చేయడం. చిన్న మోడళ్లలో చాలావాటికి డిస్క్ ఉండదు. లాగ్ మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ అయితే తుడిచిపెట్టుకుపోతుంది. అంటే ఎవరైనా లోపలికి వచ్చి ఉంటే, ఆ ఆనవాళ్లు మీ అప్‌డేటే చెరిపేస్తుంది.

పాత వెర్షన్ నుంచి కొత్తదానికి ఒకేసారి దూకకండి. మధ్యలో ఏయే వెర్షన్ల మీదుగా పోవాలో కంపెనీ సైట్ చెప్తుంది, అదే వరస పాటించండి. మైక్రోటిక్‌లో సిస్టమ్, ప్యాకేజెస్‌లో అప్‌డేట్ అయ్యాక, సిస్టమ్, రౌటర్‌బోర్డ్‌లోకి వెళ్లి అక్కడ కూడా అప్‌గ్రేడ్ నొక్కి మరోసారి రీస్టార్ట్ చేయాలి. సోఫోస్‌లో హాట్‌ఫిక్స్‌లు (అత్యవసర చిన్న అప్‌డేట్లు) వాటంతటవే పడే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 2020 దాడి అప్పుడు చాలా బాక్సుల్ని కాపాడింది ఆ ఆటోమేటిక్ హాట్‌ఫిక్సే.

అప్‌డేట్ అయ్యాక

ఇక్కడే నెమ్మదిగా కూర్చోవాలి. టీ తెప్పించుకుని, ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని ఇది.

ముందు అడ్మిన్ల జాబితా తెరవండి. ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఇలాగే తెరిస్తే మూడు పేర్లున్నాయి. మొదటిది మామూలు అడ్మిన్. రెండోది నాది. మూడోది ‘సపోర్ట్’ అని ఉంది. “ఇది ఎవరిది మేడమ్?” అన్నాను. “మీవాళ్లే పెట్టుకున్నారనుకున్నానే!” అన్నారావిడ. పాత ఏఎంసీ వాళ్లకి ఫోన్ చేస్తే వాళ్లూ తమది కాదన్నారు. నేను దాచి ఉంచిన లాగ్‌లో ఆ పేరుతో లాగిన్లు తెల్లవారుజామున ఉన్నాయి. ఆ సెంటర్ షట్టర్ రాత్రి పదికే దించేస్తారు. ఆ అకౌంట్ అందరి కళ్ల ముందే ఉంది. ఎవరికివారు పక్కవాళ్లదనుకున్నారు. రోగుల రిపోర్టులుండే సర్వర్‌కి అక్కడి నుంచి దారి ఉందన్న సంగతి ఆవిడకి అర్థమయ్యేసరికి ముఖం పాలిపోయింది.

ఇలాంటి పేర్లు పెట్టడం హ్యాకర్లకు అలవాటు. 2022లో ఫోర్టిగేట్‌ల మీద జరిగిన దాడుల్లో వాళ్లు తయారుచేసిన ఒక అడ్మిన్ అకౌంట్ పేరు ‘ఫోర్టిగేట్-టెక్-సపోర్ట్’. చూడగానే కంపెనీదే అనిపిస్తుంది. కాబట్టి జాబితాలో ప్రతి పేరుకీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఫోన్ నంబర్ రాయగలగాలి. రాయలేని అకౌంట్ వివరాలు నోట్ చేసుకుని తీసేయండి.

తర్వాత వీపీఎన్ యూజర్లు. ఎప్పుడో మానేసిన అకౌంటెంట్, వేసవి సెలవుల్లో బిల్లింగ్‌కి సాయం చేసిన ఆడపడుచు కొడుకు, అందరూ ఉంటారు. తీసేయండి. మిగిలినవాళ్ల పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. ఇప్పుడు లాగిన్ అయి ఉన్న సెషన్లన్నీ తెంచేయండి. సిట్రిక్స్ లోపంలో దొంగిలించింది పాస్‌వర్డ్‌ని కాదు, నడుస్తున్న సెషన్‌నే. అలాంటప్పుడు అప్‌డేట్ వేసినా, పాస్‌వర్డ్ మార్చినా, పాత సెషన్ తెగకపోతే వాడు లోపలే ఉంటాడు.

ఆ తర్వాత కంటికి కనిపించని పాస్‌వర్డ్‌లు. బ్రాంచి ఆఫీసుతో కలిపే ఐపీసెక్ కీ, విండోస్ సర్వర్‌తో మాట్లాడటానికి ఫైర్‌వాల్‌లో పెట్టిన అకౌంట్, అలర్ట్‌లు పంపే మెయిల్ పాస్‌వర్డ్. ఇవన్నీ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంటాయి. 2025 జనవరిలో సుమారు 15,000 ఫోర్టిగేట్‌ల కాన్ఫిగరేషన్లు ఎవరో ఉచితంగా బయటపెట్టారు. అవి 2022లో దొంగిలించినవి. అంత పాత ఫైల్లోని కీ కూడా ఇప్పటికీ పనిచేసే ఆఫీసులుంటాయి, ఎందుకంటే వీటిని ఎవరూ మార్చరు. విండోస్ సర్వర్ అకౌంట్‌కి డొమైన్ అడ్మిన్ హక్కులు ఇచ్చి ఉంటే అవి తీసేయండి, దానికి చదివే హక్కు చాలు.

చివరగా రూల్స్. బయటి నుంచి లోపలికి ‘ఆల్’ అని ఉన్న రూల్ ఏదైనా ఉందా, మీకు తెలియని పోర్ట్ ఫార్వార్డ్ ఉందా చూడండి. మైక్రోటిక్ అయితే సిస్టమ్ కింద షెడ్యూలర్, స్క్రిప్ట్స్ తెరవండి. మీరు పెట్టనివి ఉంటే, లేదా ఐపీ కింద సాక్స్ (వేరేవాళ్ల ట్రాఫిక్‌ని మీ రౌటర్ గుండా పంపే సర్వీస్) ఆన్‌లో ఉంటే, ఎవరో వచ్చి వెళ్లారు. 2018 విన్‌బాక్స్ లోపంతో పట్టుబడిన రౌటర్లలో కనిపించినవి ఇవే గుర్తులు. ఫోర్టిగేట్ వాడేవాళ్లు 2025 ఏప్రిల్ తర్వాతి వెర్షన్‌కి వచ్చారో లేదో సరిచూసుకోండి. పాత లోపాలతో దూరిన హ్యాకర్లు ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ భాషా ఫైళ్ల ఫోల్డర్‌లో ఒక లింక్ వదిలి వెళ్లారనీ, అప్‌డేట్ వేసినా అది అలాగే ఉండి బాక్స్‌లోని ఫైళ్లను చదవనిస్తుందనీ అప్పుడే తేలింది. దాన్ని వెతికి తీసేసే వెర్షన్లు కంపెనీ ఇచ్చింది.

ఎవరో దూరారని అనుమానం వస్తే

ముందు కంగారులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకండి. వాన్ కేబుల్ పీకండి, కరెంటు మాత్రం ఆపకండి. స్క్రీన్ల ఫొటోలు తీయండి, లాగ్‌లు, కాన్ఫిగరేషన్ దించుకోండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. డిస్క్ లేని బాక్స్ అయితే ఒక పాత పీసీని సిస్‌లాగ్ సర్వర్‌గా పెట్టి లాగ్‌లు దానికి పంపే ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి, సంఘటన జరిగాక చేసి ప్రయోజనం లేదు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ తర్వాతే రీసెట్. కంపెనీ సైట్ నుంచి దించిన కొత్త ఫర్మ్‌వేర్ వేసి, రూల్స్ ఒక్కొక్కటీ చూసుకుంటూ కొత్తగా రాయండి. పాత బ్యాకప్ అలాగే ఎక్కిస్తే హ్యాకర్ పెట్టిన అకౌంట్ కూడా దానితోపాటే తిరిగొస్తుంది. ఫైర్‌వాల్ నుంచి దారి ఉన్న సర్వర్లన్నిటినీ, ముందుగా టాలీ, బిల్లింగ్, రిపోర్టుల సర్వర్లను, కొత్త యూజర్ల కోసం అదే రోజు వెతకండి. బ్యాకప్ హార్డ్‌డిస్క్ సర్వర్‌కి తగిలించి ఉంటే మొట్టమొదట దాన్ని ఊడదీసి పక్కన పెట్టండి.